బొమ్మల పెట్టె తెరిచే ముందు

నాన్న పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అక్క దాన్ని మోసుకొచ్చి నా పనిబల్ల కింద పెట్టింది. "ఇందులో మన బొమ్మలున్నాయి. నువ్వే తెరువు, నాకు ధైర్యం చాలడం లేదు" అని చెప్పి వెళ్లిపోయింది. పదకొండు నెలలు ఆ పెట్టె అక్కడే ఉంది. నేను కుట్టుమిషన్లు బాగుచేసే మనిషిని. రోజంతా ఆ బల్ల దగ్గరే నా కూర్చోవడం. కాలు చాపినప్పుడల్లా పెట్టె తగిలేది, కాలు వెనక్కి తీసుకునేవాణ్ణి.

చివరికి తెరిచిన రోజున తొందరపడ్డాను. ఆ తొందరలో ఒక బొమ్మను మళ్లీ సరిచేయలేనంతగా పాడుచేశాను. ఆ తర్వాత మూడేళ్లలో ఇంకొందరి పెట్టెలు వాళ్లతో పాటు కూర్చుని తెరిచాను. మిషను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు నా బల్ల మీది రేకు రైలింజనును చూసి, తమ ఇంట్లోనూ ఇలాంటిదొకటి ఉండేదని మొదలుపెట్టేవారు. మరుసటి వారం దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చేవారు. అలా చేతికి తెలిసివచ్చిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఒకటి ఉంటే, మూత తీయడానికి ముందు ఇది చదవండి.

నేల మీద కూర్చోండి

వేరే పని లేని పూట ఒకటి చూసుకోండి. రెండు గంటలైనా ఉండాలి, పగటి వెలుతురు ఉండాలి. నేల మీద పాత తెల్లటి దుప్పటి పరవండి. తెలుపెందుకంటే, పెట్టెలోంచి రాలే చిన్న స్క్రూలు, చక్రాలు, పూసలు దాని మీద కనిపిస్తాయి. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు, మెత్తటి కుంచె ఉంచుకోండి. ఫోను వేరే గదిలో పెట్టండి. ఫొటో తీసుకోవద్దని కాదు, అది చివర్లో. మొదటే ఫొటో తీసినవాళ్లు చాలామంది ఆ బొమ్మను పక్కన పెట్టేసి ఇంకోదాని మీదికి వెళ్లిపోవడం చూశాను. కన్ను పని ముగించేస్తుంది, చేతికి వంతు రాదు.

బల్ల మీద పరచుకోవద్దు. బల్ల మీద పెట్టిన బొమ్మ మరమ్మతుకు వచ్చిన వస్తువులా కనిపిస్తుంది, నాకైతే మరీను. మీరు ఆ బొమ్మతో చివరిసారి ఆడుకున్న రోజుల్లో మీ కన్ను నేలకు మూరెడు ఎత్తున ఉండేది. చెంప నేలకు ఆనించి రైలింజనును ఎదురుగా చూసిన క్షణంలో, అది అరచేతిలో పట్టే బొమ్మ అన్న సంగతే నేను మరిచిపోయాను. అదే ఎత్తు, అదే ముఖం, మీదికి వస్తున్న అదే ఇంజను. మోకాళ్లు సహకరించనివాళ్లు మంచం మీద బోర్లా పడుకుని చూడవచ్చు. కన్ను బొమ్మకు సమంగా ఉండాలి, అంతే.

అన్నీ బయటికి తీయండి. మంచివి ఒకపక్క, విరిగినవి ఒకపక్క అని అప్పుడే విడదీయకండి. దేనిదో తెలియని ముక్కలు వస్తాయి. వాటిని ఒక గిన్నెలో వేయండి, ఏదీ పారేయకండి. నేను చెత్త అనుకున్న పుల్ల ఒకటి సాయంత్రానికి చెక్క బండి ఇరుసని తేలింది.

పేరు కాదు, చేసిన పని రాయండి

ఈ పని మొత్తంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే మెట్టు ఇదే. ఒక్కో బొమ్మను చేతిలోకి తీసుకుని, నోటుపుస్తకంలో దాని పేరు కాకుండా, దానితో మీరేం చేసేవారో రాయండి. "రైలింజను" అని కాదు. దాన్ని నడిపేవారా, తలకిందులు చేసి చక్రాలు తిప్పేవారా, దిండు కింద దాచేవారా? ఒక్క క్రియ చాలు.

మొదట రాదు. వస్తువు పేరే నోటికి వస్తుంది. బొమ్మను చేతిలో ఉంచుకుని కాసేపు ఊరికే ఉండండి. చెయ్యి తనంతట తాను ఏదో చేయబోతుంది. నా రైలింజను విషయంలో అదే జరిగింది. చక్రాలు నేలకు ఆనించాలని చూస్తుంటే, చెయ్యి దాన్ని చెవి దగ్గరికి తీసుకెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది: నేను ఆ ఇంజనును నడిపింది తక్కువ. కీ ఇచ్చి, చెవికి ఆనించి, లోపల పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తోసుకునే చప్పుడు వినేవాణ్ణి. నోటుపుస్తకంలో "విన్నాను" అని రాశాను. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్లకు చెవి ఆనించి జబ్బు ఎక్కడుందో చెబుతున్న మనిషిని నేను. ఆ ఒక్క మాట రాసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మా చెక్క దిమ్మలతో అక్క ఇళ్లు కట్టేది. నేను పడగొట్టేవాణ్ణి. దిమ్మలు అవే. ఆమె పుస్తకంలో "కట్టాను" అని ఉంటుంది, నా పుస్తకంలో "కూల్చాను" అని ఉంది. ఒకే బొమ్మ ఇద్దరికి రెండు వేర్వేరు వస్తువులు.

లెవ్ వైగోట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త 1933లో ఆట గురించి ప్రసంగిస్తూ, కర్రను గుర్రం చేసుకునే పిల్లల సంగతి చెప్పాడు. కర్ర చూడటానికి గుర్రంలా ఉండదు. కాళ్ల మధ్య పెట్టుకుని పరుగెత్తడానికి వీలుగా ఉంటుంది. అందుకే అది గుర్రం కాగలిగింది, పోస్టుకార్డు మాత్రం గుర్రం కాలేకపోయింది. పోలిక కళ్లకు కాదు, కదలికకు సంబంధించినది. అందుకే నేను క్రియ రాయమంటున్నాను.

మన భాషలో 'ఆడు' అన్న మాట ఈ సంగతిని ఎంత చక్కగా పట్టుకుందో చూడండి. నా పనిలో ఆ మాట రోజూ వాడతాను. మిషను లోపల కదిలే షటిల్ అనే భాగం ఆడటం లేదంటే దానికి కదిలే చోటు లేదని అర్థం. గాలి ఆడని గది అంటాం, ఊపిరాడటం లేదంటాం. చెడ్డ కబురు వింటే కాలూ చెయ్యీ ఆడలేదంటాం. మాటకు ఈ క్రియ తోడైతేనే మాట్లాడటం అయింది. దానికి 'కొను' చేరిస్తే ఆడుకోవడం. రాసుకోవడం, పాడుకోవడం లాగే అదీ తనకోసం తాను చేసుకునేది. ఆట అనగానే పిల్లలను, పొద్దుపోకను తలుచుకోవడం మనకు అలవాటైంది. మాట మాత్రం ఊపిరి దాకా వెళ్లింది.

క్రియ రాశాక, కింద ఇంకో రెండు సంగతులు చేర్చండి: ఎక్కడ ఆడుకున్నారు, పక్కన ఎవరున్నారు. ఎందుకు రాయాలో చెబుతాను.

నోస్టాల్జియా అన్న మాట మొదట ఒక రోగం పేరు. 1688లో యోహానెస్ హోఫర్ అనే యువకుడు బాసెల్‌లో వైద్యవిద్య కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో దాన్ని పుట్టించాడు. ఇంటికి తిరిగి రావడమనే గ్రీకు మాటనూ నొప్పి అనే గ్రీకు మాటనూ కలిపాడు. ఇంటికి దూరమైన స్విస్ యువకులు దిగులుతో చిక్కి శల్యమవడం గురించి అందులో రాశాడు. తిరిగి ఇంటికి పంపడమే దానికి అసలైన మందన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే ఇంటిబెంగ. బొమ్మల పెట్టె తెరిచినప్పుడు పట్టుకునేదీ అదే, కాకపోతే తిరిగి వెళ్లడానికి ఆ ఇల్లు లేదు. మా ఇంటి తాళంచెవి నేనే వేరేవాళ్ల చేతిలో పెట్టాను.

అందుకని, ఆ బెంగ దేని మీదో తేల్చుకోవడం అవసరం. బొమ్మ మీదా, చోటు మీదా, మనిషి మీదా, ఒక వేళ మీదా? ఒకావిడ నా దగ్గరికి బుల్లి గిన్నెల సెట్టు తెచ్చారు. సగం గిన్నెలు పోయాయి, అలాంటివే ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమన్నారు. క్రియ రాయమంటే "పోసేదాన్ని" అని రాశారు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు. ఎక్కడ? పెరటి మెట్టు మీద. పక్కన ఎవరు? ఎవరూ లేరు, మధ్యాహ్నం అందరూ నిద్రపోయేవారు. రాసిన కాగితాన్ని ఆవిడే రెండుసార్లు చదువుకున్నారు. "నాకు కావలసింది గిన్నెలు కాదండీ, ఎవరూ పిలవని ఆ గంట" అన్నారు. ఉన్న గిన్నెలను బాగు చేయకుండానే తీసుకెళ్లారు.

చిన్నప్పటి బొమ్మ లాంటిదే మళ్లీ కొనాలని మనసు లాగితే, ముందు ఆ క్రియను చేతికి దొరికిన వస్తువుతో చేసి చూడండి. పేర్చేవారైతే అట్టపెట్టెలు పేర్చండి. గుండ్రంగా తిప్పేవారైతే మూత తిప్పండి. దానితోనే మనసు నిండితే కొనక్కర్లేదు. నిండకపోతే, అప్పుడు ఆ బొమ్మే కావాలన్నమాట. కొనుక్కోండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

గుడ్డ బొమ్మను ఉతకడానికి ముందు

నేను పాడుచేసింది ఇదే. అమ్మ మిగిలిన గుడ్డముక్కలతో కుట్టిన ఏనుగు. పెట్టెలోంచి తీసిన పది నిమిషాల్లో సబ్బునీళ్లలో నానబెట్టాను. దుమ్ముగా ఉంది కదా, శుభ్రం చేయడం మంచిదే కదా అనుకున్నాను. నేను నములుతూ నిద్రపోయిన చెవి అరిగి పల్చబడి ఉంది, అది నీళ్లలో చిరిగిపోయింది. చెవిని కుట్టుకోవచ్చు, కుట్టాను. కానీ ఏనుగుకు ఒక వాసన ఉండేది. నాన్న కూడా మిషన్లు బాగుచేసేవారు. ఆయన చేతుల నూనె వాసన, పాత దూది వాసన, ఇంకేవో కలిసిన వాసన. ఆరబెట్టాక దగ్గరికి తీసుకుంటే సబ్బు వాసన వచ్చింది. అంతే, ఇంక తిరిగి రాలేదు.

ఇంగ్లండ్‌లో పిల్లల వైద్యుడిగా, మనోవిశ్లేషకుడిగా పనిచేసిన డోనాల్డ్ వినికాట్ 1951లో చదివి 1953లో ప్రచురించిన వ్యాసం గురించి నాకు ఆ తర్వాత తెలిసింది. పసిపిల్లలు వదలకుండా పట్టుకుని తిరిగే దుప్పటి కొస, గుడ్డ బొమ్మ లాంటివి వాళ్లకు తల్లికీ బయటి ప్రపంచానికీ మధ్య వంతెనల్లా పనిచేస్తాయని అందులో రాశాడు. అది మురికిపట్టినా, వాసన వేసినా తల్లులు ఉతకకుండా ఊరుకుంటారనీ, ఉతికితే పిల్లల అనుభవంలో తెగిపోవడం వస్తుందని వాళ్లకు తెలుసనీ చెప్పాడు. అమ్మ ఆ ఏనుగును ఎందుకు ఎప్పుడూ ఉతకలేదో అది చదివాక అర్థమైంది. యాభై ఏళ్లు ఆమె కాపాడిన దాన్ని నేను పది నిమిషాల్లో కడిగేశాను.

కాబట్టి గుడ్డ బొమ్మను ముందు వాసన చూడండి. ఆ వాసనతో మీకు పని ఉందనిపిస్తే నీళ్ల జోలికి పోకండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. పురుగు పట్టిందేమోనని అనుమానముంటే ఉతకనక్కర్లేదు. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, సున్నాకు 18 డిగ్రీలు తక్కువ ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా ఉంచితే తేమ బొమ్మకు పట్టకుండా ఉంటుంది. ఆ తర్వాత సంచి తీసేయండి. ఉతకక తప్పదనుకుంటే, కనిపించని చోట తడి తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడండి. లోపల గడ్డి, రంపపుపొట్టు, కాగితం ఉన్న బొమ్మను మాత్రం నీళ్లలో ముంచనే కూడదు. తడిగుడ్డతో పైపైన తుడిచి నీడలో ఆరబెట్టండి.

ఆడేలా చేయండి, కొత్తగా కాదు

బాగుచేయడమంటే నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే: మీరు రాసిన క్రియను ఆ బొమ్మ మళ్లీ చేయగలగాలి. వెలిసిన రంగు జోలికి వెళ్లకండి. నా ఇంజనుకు రెండు పక్కలా, సరిగ్గా వేళ్లు పట్టే చోట, ఎర్రరంగు అరిగి రేకు తేలింది. కొత్త రంగు పూస్తే ఆ వేళ్ల చోటు పోతుంది.

కీ ఇచ్చే రేకు బొమ్మ గురించి కాస్త వివరంగా చెబుతాను, నా చేతికి బాగా తెలిసిన పని కాబట్టి.

దొరకగానే కీ తిప్పకండి. ముందు కీ ఎటైనా కదులుతుందేమో మెల్లగా చూడండి. ఎంత తిప్పినా బిగువు లేకుండా వదులుగా తిరిగితే లోపలి స్ప్రింగు తెగిందనో, కొక్కెంలోంచి ఊడిందనో అర్థం. అసలు కదలకపోతే స్ప్రింగు అప్పటికే నిండా చుట్టి ఉండి, పళ్లచక్రాలు ఎక్కడో పట్టేశాయన్నమాట. ఇది ప్రమాదం. అలాంటి బొమ్మను విప్పితే చుట్టుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి వేళ్లు కోస్తుంది. అది తెలిసినవారికి అప్పగించండి. రేకు నాలుకలు మడిచి బిగించిన బొమ్మలను ఊరికే విప్పడం కూడా మంచిది కాదు. ఒకటి రెండుసార్లు వంచి సరిచేసేసరికి ఆ నాలుకలు విరిగిపోతాయి.

విప్పకుండానే చేయగలిగింది చాలా ఉంది. తలకిందులు చేసి, కుంచెతో దుమ్ము దులపండి. ఇరుసులు చూడండి. నా దగ్గరికి వచ్చిన కీ బొమ్మల్లో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే ఉంది: ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారపు పోగులు. పటకారుతో ఒక్కొక్క పోగే లాగండి, తొందర వద్దు. ఒక పెద్దాయన తెచ్చిన మోటారుసైకిలు బొమ్మలోంచి పొడవాటి వెంట్రుక వచ్చింది. అది చనిపోయిన తన చెల్లెలిదేనని ఆయన అన్నారు. దాన్ని కాగితంలో మడిచి ఇచ్చాను.

తర్వాత నూనె. కుట్టుమిషను నూనె, సూదిమొనతో ఒక్క చుక్క, ఇరుసు రెండు కొసలకూ. అంతకు మించి వద్దు. వంటనూనె అసలు వాడకండి. కొన్నాళ్లకు అది జిగురై గట్టిపడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. అప్పుడు కీకి అర తిప్పు ఇచ్చి వదలండి. నడిస్తే మళ్లీ అర తిప్పు. పాత స్ప్రింగును పూర్తిగా బిగించకండి. నా ఇంజనుకు మూడు తిప్పులకు మించి ఎప్పుడూ ఇవ్వను. ఆడుకోవడం అయ్యాక పూర్తిగా విడిపోనిచ్చి లోపల పెట్టండి. ఏళ్ల తరబడి బిగువులో ఉంచితే ఉక్కు ఆ వంపుకే అలవాటుపడి బలం కోల్పోతుంది.

స్ప్రింగు గురించి మాట్లాడుతుంటే నాకు ఆగాలనిపించదు. 1943లో అమెరికాలో రిచర్డ్ జేమ్స్ అనే నౌకాదళ ఇంజనీరు, ఊగే ఓడలో సున్నితమైన పరికరాలను కుదురుగా ఉంచే స్ప్రింగుల కోసం పనిచేస్తుండగా ఒకటి జారిపడి అడుగులు వేస్తున్నట్టుగా కదిలిందట. మెట్లు దిగే స్లింకీ బొమ్మ అలా పుట్టింది. పడిపోయిన సామానును తీసి బల్ల మీద పెట్టేయకుండా, అది ఎలా పడిందో చూసిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

మిగతావి త్వరగా చెబుతాను. తుప్పు ఉంటే పొడి గుడ్డతో రుద్దండి. అచ్చువేసిన రేకు మీద గరుకు కాగితం వాడితే బొమ్మే పోతుంది. బ్యాటరీ బొమ్మల అర తెరవగానే తెల్లటి పొడి కనిపిస్తే, ఆల్కలైన్ బ్యాటరీ కారి గట్టిపడిన క్షారమది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, దూదిపుల్లను వెనిగర్‌లో అద్ది తుడిచి, ఆపైన తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ చేతికి జిగటగా తగిలితే అది మురికి కాదు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం పైకి వస్తోంది. తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అలాంటిదాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచితే జిగట ఇంకా పెరుగుతుంది. దానికి గాలి ఆడాలి. ఒకదానికొకటి బిగిసే ప్లాస్టిక్ దిమ్మల్లో కొన్ని పోయి ఉంటే దిగులుపడకండి. లెగో దిమ్మలనైతే, 1958 నాటివి కూడా ఇప్పటి వాటితో బిగుసుకుంటాయి.

చెక్క బండికి చక్రం పోతే కొత్తది చేసి పెట్టండి. చక్రం కొత్తగా కనిపిస్తుందే అని బెంగపడకండి. హరప్పా నాగరికత తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్లకు పైబడిన చిన్న చిన్న మట్టి బండ్లు దొరికాయి. మట్టి మిగిలింది. చెక్క ఇరుసులు ఎప్పుడో నేలలో కలిసిపోయాయి. కదిలే భాగమే ముందు పోతుంది, అన్ని కాలాల్లోనూ. దాన్ని మార్చడం బొమ్మకు అన్యాయం చేయడం కాదు.

పిల్లల చేతికి ఇచ్చేటట్టయితే

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకూ బొమ్మలకూ వాడే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది, అంతకు ముందరి బొమ్మలన్నిటినీ అనుమానించడమే మంచిది. పెచ్చులు ఊడుతున్న బొమ్మను, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి. ఆ రంగును గీకకండి, ఆ దుమ్మే ఎక్కువ హానికరం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలను కొలవడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పట్టేది ఏదైనా గొంతులో పడగలదు. గోళీలు దానిలో సులువుగా పడతాయి. గుండీ బ్యాటరీ ఉన్న బొమ్మల అర స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం తీవ్రంగా కాలిపోతుంది. బాగా పాతకాలపు పల్చటి, తేలికైన బొమ్మను కాస్త రుద్దితే కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ కావచ్చు. చటుక్కున మండిపోతుంది, నిప్పుకూ వేడికీ దూరంగా ఉంచండి.

ఇవి చూసుకున్నాక, ఇచ్చేటప్పుడు ఒక్క పని చేయకండి: చరిత్ర చెప్పకండి. "ఇది నా చిన్నప్పటిది, జాగ్రత్త" అన్నామంటే పిల్లల చెయ్యి అక్కడే ఆగిపోతుంది. మా మేనకోడలి కూతురికి నాలుగేళ్లు. చెక్క దిమ్మలు అట్టపెట్టెలో పెట్టి ఇస్తే, దిమ్మలన్నీ బయట కుమ్మరించి పెట్టెలో కూర్చుంది. గంటసేపు పెట్టెలోంచి దిగలేదు. దిమ్మలతో ఎలా ఆడాలో చూపిద్దామని నోరు తెరవబోయి ఆగాను. అమెరికాలోని రోచెస్టర్‌లో ఆటల మ్యూజియం ఒకటుంది. అక్కడి బొమ్మల గౌరవ జాబితాలోకి 2005లో అట్టపెట్టెనూ 2008లో కర్రనూ చేర్చారు. ఆ జాబితా వేసినవాళ్లకు పిల్లలు తెలుసు.

విరిగితే తట్టుకోలేమనుకున్న బొమ్మను ఇవ్వనే ఇవ్వకండి. అలా దాచుకోవడంలో తప్పేమీ లేదు.

మళ్లీ ఆడటం

బాగుచేసి అల్మరాలో పెట్టేస్తే పని సగంలో ఆపినట్టే. పెద్దవాళ్లు ఆడుకోవడానికి మొహమాటపడతారు, నేనూ పడ్డాను. 1938లో డచ్ చరిత్రకారుడు యోహాన్ హైజింగా ఆట గురించి రాస్తూ, ఎవరి ఆజ్ఞ మీదో ఆడేది ఆట కాదన్నాడు. రోజువారీ బతుకులోంచి పక్కకు జరిగి, దానికంటూ ఒక చోటు, ఒక వేళ గిరిగీసుకున్నదే ఆట అన్నాడు. కాబట్టి లక్ష్యం పెట్టుకోకండి, చోటు పెట్టుకోండి. నాకు ఆ చోటు దుకాణం మూశాక వెనక గది నేల. పావుగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ.

బొంగరంతో మొదలుపెట్టాను. మేకు దగ్గర నుంచి తాడు బిగువుగా, వరస తప్పకుండా పైకి చుట్టుకుంటూ రావాలి. కొసను వేలికి తగిలించి, విసిరి, నేలను తాకబోయే ముందు చెయ్యి వెనక్కి గుంజాలి. ఇదంతా మాటల్లో తెలుసు నాకు. మూడు రోజులు బొంగరం పక్కకు దొర్లింది. నాలుగో రోజు ఒక మిషను గురించి ఆలోచిస్తూ విసిరాను, నిలబడి తిరిగింది. నలభై ఏళ్లకు పైగా నేను మరిచిపోయాననుకున్న దాన్ని మణికట్టు మరవలేదు. నేను అడ్డు తప్పుకునే దాకా ఆగింది. మీరూ నేర్చుకోవాలని చూడకండి. చెయ్యిని వదిలేసి, మనసును ఇంకో దాని మీద పెట్టండి.

అరిచేతిలోకి తీసుకుంటే ఇంకా సన్నగా తిరుగుతూ గిలిగింతలు పెట్టింది. అది కూడా మరిచిపోయాను.

ఏవి ఉంచుకోవాలి

ఒక్కో క్రియకు ఒక్కో బొమ్మ. నా పద్ధతి ఇది. "దొర్లించాను" అన్న క్రియ కింద నాకు నాలుగు బొమ్మలు వచ్చాయి. గోళీ ఒకటి ఉంచుకుని మిగతావి ఇచ్చేశాను. క్రియ రాయలేకపోయిన బొమ్మలు కొన్ని ఉంటాయి. వాటితో మీరు ఆడలేదేమో, ఎవరో ఇచ్చారు, అందంగా ఉన్నాయి, అలా ఉండిపోయాయి. వాటిని మొదట వదలండి. వాటికి ఇంకా ఎవరూ క్రియ ఇవ్వలేదు కదా.

ఇచ్చేయడానికి మనసు రాకపోతే ఏదో ఒక తంతులాగా చేయండి. ప్రాచీన గ్రీసులో పెళ్లికి ముందు ఆడపిల్లలు తమ బొమ్మలను, బంతులను ఆర్టెమిస్ దేవతకు సమర్పించేవారు. ఎవరికి ఇచ్చామో, ఏ రోజు ఇచ్చామో తెలిస్తే చెయ్యి తేలికగా వదులుతుంది. నోటుపుస్తకంలో ఆ బొమ్మ క్రియ పక్కన తారీఖు రాయండి. ఇక ఫొటో తీసుకోండి, అప్పటికి చేతికి వంతు వచ్చేసింది కాబట్టి.

పుస్తకాన్ని మాత్రం వీలైతే మీతో కలిసి ఆడుకున్న మనిషికి చూపించండి. నేను మూడేళ్లు చూపించలేదు. అక్క పెట్టె ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొన్న వచ్చినప్పుడు బల్ల మీద ఇంజను చూసి నిలబడిపోయింది. పుస్తకం తీసి ఇచ్చాను. నేల మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. "కూల్చాను" దగ్గర "తెలుసులే" అంది. రైలింజను పేజీలో ఆగింది.

"విన్నాను అని రాశావేమిటి? నీకప్పుడు కీ తిప్పే బలమెక్కడుంది? నువ్వు ఏడుస్తుంటే నేను తిప్పి నీ చెవి దగ్గర పెట్టేదాన్ని."

నాకు అది గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా ఇంజను చప్పుడే ఉంది, దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు. పెన్సిలు తీసుకుని "విన్నాను" కొట్టేసి, పక్కన "అక్క వినిపించింది" అని రాశాను.

ఆమె ఇంజను అందుకుని కీ తిప్పడం మొదలుపెట్టింది.

"మూడు తిప్పులు చాలక్కా" అన్నాను.

నాలుగోది కూడా తిప్పి, "తల ఇటు పెట్టు" అంది.